నూనె శెట్టికి వచ్చిన షీల్డు

గిద్దలూరు బజారులో రంగనాయకులు గానుగ నూనె దుకాణానికి వాళ్ల నాయన నాటి నుంచి ఒక అలవాటు ఉంది. కొనడానికి వచ్చినవాళ్ల అరచేతిలో ముందు ఒక చుక్క వేస్తారు. వాళ్లు రుద్ది వాసన చూసుకుని, నచ్చితేనే డబ్బా ముందుకు జరుపుతారు. పల్లె నుంచి వచ్చే ముసలి రోశమ్మ తల ఊపిందంటే మాత్రం వెనకున్నవాళ్లు వాసన కూడా చూడరు. ఆమె ముక్కు మీద అంత నమ్మకం.

మొన్న ఆమె వచ్చేసరికి గల్లాపెట్టె పైన ‘ఉత్తమ నూనె వ్యాపారి’ అని కొత్త షీల్డు మెరుస్తోంది.

“ఏంది శెట్టీ ఇది?”

“హైదరాబాదులో పెద్ద హోటల్లో సన్మానం చేసినారు పెద్దమ్మా,” అంటూ రంగనాయకులు చుక్క వేయడానికి గరిటె ఎత్తాడు.

ఆమె చెయ్యి చాపలేదు. డబ్బానే ముందుకు పెట్టింది. “అంత పెద్దోళ్లు చూసి ఇచ్చినంక ఇంక నా ముక్కెందుకులే. పొయ్యి.”

గరిటె అక్కడే ఆగిపోయింది. ఆ పెద్దవాళ్లెవరూ అతని నూనె చుక్క ఎరగరు. ఫోన్ చేసి రుసుము కట్టమన్నారు, కట్టాడు, శాలువా కప్పారు.

“వాళ్లు చూడలేదు పెద్దమ్మా,” అన్నాడు తల దించుకుని. “డబ్బు కడితే ఇచ్చినారు.”

వెనక ఎవరో కిసుక్కున నవ్వారు. రోశమ్మ నవ్వలేదు.

“మరి అంత గొప్పగా చెప్తివే,” అంటూ చెయ్యి చాపింది. రుద్ది వాసన చూసింది. ఎన్నడూ లేనిది, మళ్లీ చూసింది. చివరికి తల ఊపింది గానీ, వెనకున్నవాళ్లు ఒక్కరూ డబ్బా జరపలేదు. అందరూ అరచేతులు చాపారు. రంగనాయకులు ఎవరి మొహమూ చూడకుండా ఒక్కొక్క చేతిలో చుక్క వేసుకుంటూ పోయాడు.