హమూరు తలకాయ

దోహాలో నాకొక సవతి ఉండేది. దానికి మీసాలు. చేతిలో ఎప్పుడూ ఒక నీలం రంగు ప్లాస్టిక్ బకెట్టు. ప్రతి శుక్రవారం పొద్దున్నే అబూ హమూర్‌లో ఒక బేకరీ ముందు నిలబడి మా కారు కోసం ఎదురుచూసేది.

సవతి అన్నది నేను నా మనసులో పెట్టుకున్న పేరు. అతను జగిత్యాల వైపు మనిషి, లుసైల్‌లో స్టీలు ఫోర్‌మన్. మా ఆయన అదే సైటులో డ్రాఫ్ట్స్‌మన్. డ్రాయింగులో ఉన్నట్టే కడ్డీలు కట్టారో లేదో చూడ్డానికి వెళ్ళినప్పుడు పరిచయమయ్యాడట. ఆ పరిచయం కడ్డీల దగ్గర ఆగిపోయి ఉంటే నాకే బాధా లేకపోయేది. ఇద్దరికీ చేపల పిచ్చి ఉందని బయటపడింది. ఆ రోజు నుంచి నా శుక్రవారాలు పోయాయి.

ఖతార్‌లో సెలవు శుక్రవారం కాబట్టి మా ఆరాధన కూడా ఆ రోజే జరిగేది. మిగతా రోజుల్లో నేను లేచేసరికి మా ఆయన డ్యూటీకి బయలుదేరిపోయేవారు. సాయంత్రం ఇంటికి చేరేసరికి మనిషిలో మాట్లాడే ఓపిక ఉండేది కాదు. ఫుట్‌బాల్ ప్రపంచ కప్పు దగ్గర పడుతున్న కొద్దీ ఓవర్‌టైములు పెరిగాయి. ఇక మాకంటూ మిగిలింది ఆ ఒక్క పూట. చర్చికి కలిసి వెళ్ళి, వచ్చేటప్పుడు ఎక్కడైనా టీ తాగి, ఏదో ఒకటి మాట్లాడుకుంటూ ఓల్డ్ ఎయిర్‌పోర్ట్ అనే పేటలోని మా గదికి చేరేవాళ్ళం. అతను వచ్చాక మా ఆయన నన్ను చర్చి దగ్గర దించేసి, అక్కడికి దగ్గరే ఉన్న బేకరీ ముందు అతన్ని ఎక్కించుకుని లుసైల్ వెళ్ళిపోయేవారు. నేను చర్చి వాళ్ళ వ్యానులో ఇల్లు చేరేదాన్ని.

నేను దిగిన సీట్లోనే అతను కూర్చునేవాడు. పొడుగు మనిషి, కాళ్ళు పట్టక సీటు వెనక్కి జరుపుకునేవాడు. ఎప్పుడైనా వారం మధ్యలో నేను కారెక్కితే సీటు అలాగే ఉండేది, నా కాళ్ళు ముందుకు అందేవి కావు. దాన్ని మళ్ళీ ముందుకు లాక్కుంటుంటే ఒళ్ళు మండేది. ఒకసారి మా ఆయనతో అంటే, దానికేముంది, జరుపుకుంటే సరిపోతుంది కదా అన్నారు.

వాళ్ళు వెళ్ళేది సముద్రానికి కూడా కాదు. లుసైల్‌లో ఇంకా ఏమీ కట్టని స్థలాల మధ్య, తవ్విన కాలువలోంచి సముద్రపు నీళ్ళు వచ్చి ఒక గుంటలా నిలిచేవి. అతను దాన్ని చెరువు అన్నాడు గనక మా ఆయనకూ అది చెరువే. గోదావరి పాయ పక్కన పుట్టి పండుగొప్ప చేపలు తిని పెరిగిన మనిషికి ఆ ఉప్పునీటి గుంట చెరువెలా అయిందో నాకు అర్థం కాలేదు. మాట కూడా మారిపోయింది. ఒకరోజు నా కూర నోట్లో పెట్టుకుని మంచిగుంది అన్నారు. మేం బాగుంది అంటాం. మంచిగుంది అన్న ఆ మాట ఎవరిదో నాకు తెలుసు. రెండో ముద్ద నేను తినలేకపోయాను.

అన్నిటికంటే నన్ను కాల్చింది మాత్రం తలకాయ. షేరీ చేపలు పడితే చెరి సగం పంచుకునేవారు. ఎప్పుడైనా అదృష్టం బాగుండి హమూరు చేప పడితే గట్టునే శుభ్రం చేసి, ముక్కలు మా ఇంటికి తెచ్చి, తలకాయ అతనికి ఇచ్చేసేవారు. మేం గది తీసుకున్న విల్లాలో నాలుగు కుటుంబాలకు ఒకటే వంటగది, అక్కడ చేప కోస్తే పక్కవాళ్ళు ముక్కు మూసుకుంటారు, కాబట్టి గట్టున కోయడం న్యాయమే. కానీ తలకాయ?

మా ఇంట్లో పండుగొప్ప వండిన రోజున మా నాన్న తలకాయ తీసి తన చేత్తో అమ్మ పళ్ళెంలో పెట్టేవాడు. పెట్టి, పక్కకు చూసి, ఏమీ ఎరగనట్టు మజ్జిగ అడిగేవాడు. అమ్మను ముద్దుగా పిలవడం గానీ, ఒక చీర మెచ్చుకోవడం గానీ నేనెప్పుడూ చూడలేదు. ఆ తలకాయ ఒక్కటే చూశాను. పెళ్ళయిన కొత్తలో ఈ సంగతి మా ఆయనకు చెప్పాను కూడా. విని నవ్వారు.

అలాంటిది, తలకాయ ఏదని అడిగితే ఆయన చాలా మామూలుగా చెప్పారు.

"వాడికిచ్చేశానే. వాళ్ళ గదిలో అయిదుగురున్నారు, తలకాయైతే పులుసు అందరికీ సరిపోద్ది."

ఆ మాటలో తప్పు పట్టడానికి ఏమీ లేదు. అందుకే ఇంకా కోపం వచ్చింది.

ఆ చలికాలానికి ఊరంతా హడావిడి. రోడ్లు రాత్రికి రాత్రి మలుపులు మార్చుకునేవి, దీప స్తంభాలు లేచేవి, ఎక్కడ చూసినా బంతి బొమ్మలే. మా విల్లా యజమానికి కూడా ఆ ఊపు అందింది. ఎండాకాలం దాటేలోగా అందరూ ఖాళీ చేయాలని, ఆటలు చూడ్డానికి వచ్చేవాళ్ళకు ఇల్లు అద్దెకిచ్చుకుంటానని కబురు పెట్టాడు. మిగతా కుటుంబాలవాళ్ళు గదుల కోసం తిరగడం మొదలుపెట్టారు. మనం ఎప్పుడు వెతుకుదామని అడిగితే మా ఆయన చూద్దాంలే అనేవారు. వారం వారం చూద్దాంలే అని, శుక్రవారం రాగానే గాలాలు సర్దుకునేవారు. ఇల్లు పోతున్నా ఈయనకు చేపలే ముఖ్యమని నేను కుతకుతలాడిపోయేదాన్ని.

ఒక శుక్రవారం చర్చి దగ్గర కారు దిగలేదు. నేనూ వస్తానన్నాను. ఎండకు మాడిపోతావన్నారు. మాడితే మాడతానన్నాను. బేకరీ దగ్గర అతను అలవాటుగా ముందు తలుపు మీద చెయ్యి వేసి, నన్ను చూసి గబుక్కున తీసేశాడు. నమస్తే అక్కా అని వెనక కూర్చున్నాడు. మోకాళ్ళు గడ్డానికి తగిలేలా కూర్చున్న అతన్ని అద్దంలో చూసి, నిజం చెబుతున్నాను, నాకు చాలా సంతోషమైంది.

వాళ్ళు అక్కడ ఏం మాట్లాడుకుంటారో వినాలని నా ఆశ. నాకు మిగలని మాటలన్నీ అక్కడ గుట్టలు పోసి ఉంటాయనుకున్నాను. నాకు గట్టు మీద చాప పరిచారు. గాలపు దారం ఖాళీ నీళ్ళ సీసాకు చుట్టి ఉంది. రొయ్య ముక్క గుచ్చి, సీసా చేత్తో పట్టుకుని గాలం తిప్పి నీళ్ళలోకి విసిరారు. ఇద్దరూ చెరో రాయి మీద కూర్చున్నారు. అంతే. ఎదురుగా స్టేడియం పెద్ద ఇత్తడి గిన్నెలా మెరుస్తోంది. ఎండ పైకి వచ్చేదాకా ఒక్కరు నోరు విప్పితే ఒట్టు. ఆ మౌనాన్ని చూసి కూడా అసూయపడ్డాను. మా ఇద్దరి మధ్య మౌనం వస్తే నేను ఎప్పుడూ ఏదో ఒకటి అడిగి దాన్ని చెడగొట్టేదాన్ని.

కొంతసేపటికి మా ఆయన ఐసు పెట్టె తేవడానికి కారు దాకా వెళ్ళారు. అతను నా చేతికి ఒక సీసా ఇచ్చి దారం ఎలా పట్టుకోవాలో చూపించాడు. చూపుడు వేలి మీద ఆనించి ఉంచాలట, చేప ముట్టగానే తెలుస్తుందట. తర్వాత నీళ్ళ వైపే చూస్తూ మెల్లగా అన్నాడు.

"మీరు ఫికర్ జేయకుండ్రి అక్కా. అన్నకు మా రూంల నా పక్క బెడ్డు మాట్లాడి పెట్టిన. మీరు ఇండియా పోయినంక అన్న తిండి, తిప్పలు అంతా నేను జూస్కుంట."

నా వేలి మీద దారం ఉందో లేదో తెలియలేదు. నేను ఇండియా పోవడమేమిటి? చూద్దాంలే అన్న మాట వెనక ఇదా ఉన్నది? గది వెతకకపోవడం బద్ధకం కాదన్నమాట. నన్ను ఇంటికి పంపి, తను బ్యాచిలరుగా అబూ హమూర్‌లో ఇతని గదిలో ఉండాలని ఎప్పుడో అనుకున్నారు. అనుకుని, నాకంటే ముందు ఇతనికి చెప్పారు. మంచం కూడా కుదిరింది. పక్క మంచమే కుదిరింది.

పంపేస్తున్నందుకు ఏడుపు రావాలి. నాకు మాత్రం, అతనికి ముందు తెలిసిందన్న చోటే గుండె ఆగిపోయింది. నాకు తెలియదని అతని దగ్గర ఒప్పుకోవడం కంటే చచ్చిపోవడం నయమనిపించింది.

"తెలుసులెండి, ఎప్పుడో చెప్పారు," అన్నాను.

అతను తేలిగ్గా ఊపిరి తీసుకున్నాడు. చెడ్డవాడు కాదు. చెడ్డవాడైతే నాకు ఎంత బాగుండేదో.

మా ఆయన పెట్టెతో తిరిగి వస్తుండగా నా వేలు తెగేంతగా దారం లాగింది. అతను లేచి వచ్చాడు, ముట్టుకోవద్దన్నాను. మా ఆయన వచ్చారు, ఆయన్నీ వద్దన్నాను. నేనే లాగాను. అరచెయ్యి కోసుకుపోయింది. మచ్చల ఒంటితో, నోరు తెరుచుకుని, మోచెయ్యంత హమూరు గట్టెక్కింది. అంత పెద్దది ఇక్కడ ఎప్పుడూ పడలేదని వాళ్ళిద్దరూ ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. ఆ చూపులో కాస్త కుళ్ళు కనిపించింది. అది నాకు ఎంతో హాయిగా ఉండింది.

మా ఆయన చేప కోశారు. తలకాయ విడిగా తీసి, అలవాటుగా అతని బకెట్టు వైపు చెయ్యి చాచి, ఆగి, మా సంచిలో వేశారు. అతను బకెట్టు పక్కకు జరుపుకున్నాడు.

మధ్యాహ్నం పులుసు పెట్టాను. అన్నం వడ్డించి కూర్చున్నాను. మా ఆయన గరిటె తీసుకుని, దాకలోంచి తలకాయ పైకెత్తి, చెదరకుండా తెచ్చి నా పళ్ళెంలో పెట్టారు. పెట్టి, పక్కకు చూసి, మంచినీళ్ళు ఉన్నాయా అన్నారు.

పెళ్ళయిన కొత్తలో చెప్పిన మాట మరిచిపోలేదన్నమాట. ఇన్నేళ్ళూ గుర్తుంచుకుని ఈ రోజుకు దాచారు.

"నాకు టికెట్ ఎప్పటికి తీశారు?" అని అడిగాను.

ఆయన చేతిలో గరిటె అలాగే ఉండిపోయింది. "వాడు చెప్పాడా?"

"లేదు. మీరే చెప్పారు, ఇప్పుడు," అని పళ్ళెం వైపు చూపించాను.

అప్పుడు అన్నీ చెప్పారు. కప్పు అయ్యేదాకా అద్దెలు ఇలాగే మండిపోతాయని, అది కాగానే మళ్ళీ పిలిపిస్తానని, ఎలా చెప్పాలో తెలియక ఇన్నాళ్ళూ నాన్చానని. నేను వింటూ తింటున్నాను. బుగ్గ కండ తిన్నాను, కళ్ళు తిన్నాను, దవడ విరిచి లోపలి గుజ్జు జుర్రుకున్నాను. కొంచెం రుచి చూడమని ఆయన్ని మాటవరసకైనా అడగలేదు. నేను విమానం ఎక్కాక తలా తోకా అన్నీ ఎలాగూ ఆ పక్క మంచానికే పోతాయి. ఆ ఒక్క పూటకు మాత్రం పళ్ళెంలో చీకిన ముళ్ళు తప్ప ఎవరికీ ఏమీ మిగల్చలేదు.