మాత్ర సంగతి అడిగాను, సూది సంగతి అడగలేదు

ప్రొద్దుటూరులో నేను ప్రాక్టీసు పెట్టిన కొత్తలో పెన్సిలిన్ అంటే జనానికి సూదే. మాత్రలు అప్పుడప్పుడే వస్తుండేవి. సూదికి భయపడేవాళ్లకు మాత్ర రాసిస్తే సంతోషంగా తీసుకుపోయేవాళ్లు. మాత్రే కదా, ఏమవుతుందిలే అని నాకూ ఒక ధీమా ఉండేది.

ఒకరోజు పొద్దున జమ్మలమడుగు నుంచి మగ్గం నేసే ఆయన భార్యను బస్సులో తీసుకొచ్చాడు. గొంతు వాచి, మెతుకు మింగలేక నాలుగు రోజులైందట. చూస్తే టాన్సిల్సు చీము పట్టి ఉన్నాయి. పెన్సిలిన్ మాత్ర ఇంతకుముందెప్పుడన్నా తిన్నావా అని ఆమెను అడిగాను. తినలేదంది. ఆ మాట చాలనుకుని, మొదటి మాత్ర అక్కడే పొడి చేసి నీళ్లతో మింగించి, కాసేపు వరండాలో బెంచీ మీద కూర్చోమన్నాను.

ఇంకో రోగిని చూస్తుంటే ఆ భర్త లోపలికొచ్చి, ఆమె ఒళ్లంతా గోక్కుంటాందని చెప్పాడు. పోయి చూద్దును కదా, మెడ మీదా చేతుల మీదా దద్దుర్లు, పెదవులు ఉబ్బుతున్నాయి, ఊపిరి ఎగబీలుస్తోంది. వెంటనే అడ్రినలిన్ సూది వేసి, నాడి పట్టుకుని పక్కనే కూర్చున్నాను. కొంతసేపటికి ఊపిరి కుదుటపడింది. అయినా సాయంత్రం దాకా కదలనివ్వలేదు.

తేరుకున్నాక నెమ్మదిగా అడిగితే అప్పుడు చెప్పింది. పులివెందులలో పుట్టింట కాన్పయినప్పుడు ఏదో సూది వేస్తే ఇట్లాగే ఒళ్లంతా దద్దుర్లు లేచాయట.

"ముందే చెప్పుంటే బాగుండేది కదమ్మా" అన్నాను.

"మీరు మాత్ర సంగతి అడిగినారు సార్. సూది సంగతి అడగలేదు గదా."

ఆ గొంతులో నిష్ఠూరం లేదు. తప్పు నాదే. సూదిలో ఉండేదీ మాత్రలో ఉండేదీ ఒకే మందని ఆమెకెట్లా తెలుస్తుంది?

వేరే జాతి మందు ఇచ్చాను, ఈసారి అన్నీ అడిగాకే. ఆమెకు పెన్సిలిన్ సూదీ మాత్రా ఏదీ పడదని చీటీ మీద తెలుగులో రాసి, ఏ డాక్టరు దగ్గరికి పోయినా ముందు ఇది చూపించమని భర్తకు చెప్పాను. వారంలో గొంతు నయమైంది.

అప్పటినుంచి మందు పేరు చెప్పి అడగడం మానేశాను. ఏ మందుకైనా ఎప్పుడైనా దద్దుర్లు లేచాయా, ముఖం ఉబ్బిందా, ఆయాసం వచ్చిందా అని ఒక్కొక్కటే అడిగేవాణ్ణి. రాజుపాలెం రైతు ఒకాయన విసుక్కున్నాడు: "ఏందప్పా, దగ్గుకొస్తే పోలీసోళ్ల మాదిరి అడుగుతాండావు?"

నవ్వి, తర్వాతి ప్రశ్న అడిగాను.