టెంకాయకూ క్వాంటం కంప్యూటర్‌కూ ఒకే పరీక్ష

చూడనిదాన్ని మీరెందుకు నమ్ముతారు? రెండువేల సంవత్సరం దాటిన కొత్తలో గూళూరు సభలో మూఢనమ్మకాలు వద్దని చెప్పి, క్వాంటం కంప్యూటర్ పరిశోధనల గురించి మాట్లాడాను. టెంకాయతో నీళ్లు చూపించుకుని బోరు వేయించబోతున్న ఒక రైతమ్మ లేచింది.

“అరచేతిలో పెట్టుకున్న టెంకాయ లేచి నిలబడితే ఆడ భూమిలో నీళ్లుండాయంటే నమ్మొద్దంటావు. నీ మిషన్‌ను నువ్వు చూసినావాప్పా?”

“లేదమ్మా. కానీ ఆ ప్రయోగాలు వేరేవాళ్లు మళ్లీ చేసినా అదే ఫలితం వస్తాంది.”

“అయితే టెంకాయనూ మళ్లీ చేయిద్దాం.”

మర్నాడు నీళ్లు చూసేవాడి కళ్లకు గంతలు కట్టించి, అదే చేనులో మళ్లీ నడిపించింది. టెంకాయ మొదట చూపిన చోట కాక వేరే చోట నిలబడింది. ఆమె బోరు ఆపింది.

అప్పటినుంచి క్వాంటం గురించి ఏ వార్త చదివినా, ఇంకెవరు చేసి చూశారని వెతుకుతున్నాను. ఆ అలవాటు ఆమె పెట్టిన భిక్ష. మీరూ అడగండి, చెప్పేది నేనైనా సరే: “మళ్లీ చేసి చూపించు.”