డెబ్బై రెండు గంటల సొన

“నువ్వు దూరం చూస్తున్నావు తమ్ముడూ! తొమ్మిది వేల కిలోమీటర్లనగానే నోరెళ్ళబెట్టావు. కోడిపిల్లకి కిలోమీటర్లతో పనేంటి? దానికి గంటలే లెక్క. గుడ్డులోంచి వచ్చేటప్పుడే కాస్త సొన పొట్టలో మూటగట్టుకుని వస్తుంది. గింజ లేకపోయినా, నీళ్ళు లేకపోయినా డెబ్బై రెండు గంటలు దాంతోనే లాక్కొస్తుంది. ఆపైన కష్టం.”

అంత దూరం విమానంలో పిల్లలెలా బతుకుతాయని ఎదురింట్లో అద్దెకున్నాయన అడిగిన పాపానికి, డబ్బాలక్క మొదటినుంచీ ఎత్తుకుంది.

గుడ్లు పొదిగించే హేచరీలో పిల్లల్ని డబ్బాల్లో సర్దడం ఇరవై రెండేళ్ళుగా ఆమె పని. డబ్బాకి నాలుగు అరలు, అరకి పాతిక. మూత పెట్టేముందు ఒక పిల్ల కాళ్ళు తన చెంపకి ఆనించి చూస్తుంది. చల్లగా తగిలితే ఆ డబ్బా కదలదు. విమానం ఎక్కిన పాపాన పోలేదు గానీ, ఏ విమానం ఎంతసేపు ఎగురుతుందో అడిగితే పైలట్లకంటే ముందు చెబుతుంది. ఆ దూరపు విమానాశ్రయానికి నేరుగా పదకొండు గంటలు. ఎక్కించడానికి, దించడానికి, అవతల రోడ్డుకి మరో ఎనిమిది. డబ్బా మీద పిల్లలు పుట్టిన గంట, దానికింద ఆమె సంతకం.

పోయిన నెల ఆ నేరుగా వెళ్ళే విమానం రద్దయింది. ఆరు వేల పిల్లలు పుట్టి అప్పటికే ముప్పై నాలుగు గంటలు. హేచరీలో సూపర్‌వైజరు ఆమె మరిదే. ఆమె ఇంట్లో పెరిగి, ఆమె మేనేజరు కాళ్ళావేళ్ళా పడితే ఉద్యోగంలోకి వచ్చినవాడు. వాడు ఇంకో దారి వెతికి పట్టుకొచ్చాడు: మూడు విమానాలు, నడుమ రెండుచోట్ల ఆగడం, అవతల కోళ్ళఫారం చేరేసరికి నలభై నాలుగు గంటలు.

“మొత్తం డెబ్బై ఎనిమిదవుతుందిరా. చచ్చిపోతాయి.”

“అందుకేగా వదినా, పొద్దున పుట్టాయని ఉన్నచోట సాయంత్రమని రాయమంటున్నా. పన్నెండు గంటలు తగ్గుతాయి. లేకపోతే కార్గోవాళ్ళు ముట్టుకోరు.”

“కాయితం మీద తగ్గిస్తే పొట్టలో సొన పెరుగుతుందా?”

“ఆర్డరు పోతే ముందు ఊడేది నా ఉద్యోగం. నాకంటే కోడిపిల్లలు ఎక్కువయ్యాయా నీకు?”

ఆమె రాసింది. అరవై డబ్బాల మీదా.

అవతల మూతలు తీస్తే బతికున్నవి నలభై మూడు. మేనేజరు ఆమెని అందరిముందూ నిలబెట్టి, ఫోన్లో ఫోటోలు ఒక్కొక్కటే చూపించాడు. ఆమె తల తిప్పుకుంటే, “చూడవమ్మా, నీ సంతకం ఎంత చక్కగా పడిందో” అన్నాడు. మరిది పక్కనే ఉన్నాడు.

“వదినకి చూపు ఆనడం లేదు సార్. ఈమధ్య పొద్దుకీ సాయంత్రానికీ తేడా తెలీడం లేదు.”

ఎవరో కిసుక్కుమన్నారు. వాడూ నవ్వాడు.

ఇప్పుడు ఆమెని పనిలోకి రానివ్వడం లేదు. సోమవారం విచారణ. తప్పు ఆమెదేనని తేలితే ఇరవై రెండేళ్ళ ఉద్యోగం వదిలి చేతులు దులుపుకుని రావలసిందే.

“జరిగింది చెప్పెయ్యకపోయావా అక్కా?”

“చెప్పాను. ఎవడు చెప్పినా రాసింది నువ్వేగా అన్నారు. రాసింది నేనేగా మరి!”

కొంగుతో మొహం తుడుచుకుని లేచింది.

“నువ్వు పనికెళ్ళేది మా మరిది ఇంటిముందు నుంచేగా. ఏ విమానంలో డబ్బాల దగ్గర ఎంత చలి ఉందో కార్గోవాళ్ళు రాసి పంపిన కాయితం వాడి దగ్గరుంది. మొదటిదాంట్లోనే చలికి పోయుంటే అది నా గంటల వల్ల కాదు. ఎక్కడా చలి లేదంటే, మూడోదాంట్లో సొన అయిపోయి పోయినట్టు, అది నావల్లే. నేను పంపానని చెప్పకు, తలుపు తియ్యడు. అందులో ఏమున్నా సరే, పట్టుకురా తమ్ముడూ.”