మేడమీద మా వదిన పాట

పోయిన ఆదివారం సాయంత్రం చిత్తూరులో నాకు శాలువా కప్పారు. ముప్పయ్యేళ్లు ఆఫీసులో ఫైళ్లు రాసి రిటైరయినప్పుడు కూడా ఒక గోడగడియారంతో సరిపెట్టారు కాబట్టి, ఈ వయసులో శాలువా అంటే నాకూ కొంచెం సంబరంగానే ఉండాలి. పాత బస్టాండు వెనకవీధిలో, మేడమీద ఉన్న బార్ అండ్ రెస్టారెంటు వాళ్లు పిలిచారు. చిన్న వేదిక మీద నిలబెట్టి, "ఈ సారు పెన్ను లేకుంటే ఈ మేడ ఎప్పుడో మూతబడిపోయుండేది" అని మైకులో చెప్పారు. అందరూ చప్పట్లు కొట్టారు. అలవాటు కొద్దీ నేనూ రెండు చప్పట్లు కొట్టి, అవి నాకేనని గుర్తొచ్చి ఆగిపోయాను. ఇంటికొచ్చి శాలువా మా ఆవిడ చేతికిచ్చాను. మడత విప్పకుండానే బీరువా మీద పెట్టి, "అన్నం పెట్టేదా?" అంది. పన్నెండేళ్లుగా ఆ మేడ గురించి మా ఇంట్లో జరిగిన అతి పెద్ద సంభాషణ ఇదే.

ఆ మేడకు బోర్డు మీద ఏదో పేరుండేది కానీ ఎవరూ ఆ పేరుతో పిలిచేవాళ్లు కాదు. "మేడమీదికి పోదామా?" అంటే చాలు. కింద టిఫిన్ల హోటలు, పైన బారు. రెండూ ఒకాయనవే. మేమంతా ఆయన్ని హోటలన్న అనేవాళ్లం. బారు నడిపే ఆయన చుక్క ముట్టడు, మందు వాసన పడక నుదుటి విభూతి ముక్కు దాకా పూసుకునేవాడు. ఆయన పిచ్చి అంతా పాట మీద. శనివారం సాయంత్రం ఆరున్నరకు మొదలుపెట్టి తొమ్మిదింటికల్లా ముగిసేలా ఆర్కెస్ట్రా పెట్టించేవాడు. కీబోర్డు ఒక డ్రాయింగు మాస్టారు, తబలా ఒక సెలూను ఓనరు. పాట సాగుతున్నంతసేపూ ఎవరూ గ్లాసు బల్ల మీద పెట్టకూడదని ఆయన నియమం. చప్పుడవుతుందట. పాట అయ్యేదాకా గ్లాసు చేత్తో పట్టుకునే కూర్చోవాలి. మామిడి మండీ వ్యాపారులు, కోర్టు గుమాస్తాలు, లారీ బ్రోకర్లు, వేలూరు నుంచి పని మీద వచ్చిన వాళ్లు, అందరూ తీర్థం పట్టుకున్నట్టు గ్లాసులు పట్టుకుని వినేవాళ్లు. కావాల్సిన పాట చీటీ మీద రాసి పంపితే సగం చీటీలు తెలుగులో, సగం అరవంలో వచ్చేవి. మామిడికాయల కాలంలో కూర్చోడానికి చోటు దొరక్క మెట్ల మీద నిలబడి వినేవాళ్లను నేను చూశాను. వాళ్లంతా వచ్చేది ఒక గొంతు కోసం. ఆ గొంతు మా వదినది, అంటే మా ఆవిడకు సొంత అక్కది.

మా అత్తగారిది నగరి. ఇంట్లో నాలుగు మరమగ్గాలుండేవి. వదిన చిన్నప్పటి నుంచీ ఆ మగ్గాల దగ్గర నిలబడి, తెగిన పోగులు కడుతూ పాడేది. మరమగ్గాలు ఆడుతుంటే పక్కనున్న మనిషి మాట పక్కనున్న మనిషికి వినపడదు. అంత మోతలో తన పాట తనకు వినపడాలని పాడి పాడి ఆమె గొంతు అలా తయారైంది. మేడమీద మొదటిసారి పాడినప్పుడు మైకు జానెడు దూరం జరపమని డ్రాయింగు మాస్టారే సైగ చేశాడు. ఆమె భర్త బనియన్ల కంపెనీలో పనికని తిరుప్పూరు పోయి, మొదట ఉత్తరాలు మానేశాడు, తర్వాత ఫోన్లు మానేశాడు. ఆమె ఏడుస్తూ కూర్చోలేదు. పొద్దున మగ్గం, మధ్యాహ్నం మిషన్ కుట్టు, శనివారం చిత్తూరు. మధ్యాహ్నం బస్సుకు వచ్చి మా ఇంట్లో మొహం కడుక్కుని, చీర మార్చుకుని, నాతో కలిసి మేడకు నడిచొచ్చేది. రాత్రికి మా ఇంట్లోనే పడుకుని ఆదివారం పొద్దున్నే వెళ్లిపోయేది. మీ అక్క ప్రతి శనివారం ఎందుకొస్తుందని ఇరుగమ్మ అడిగితే మా ఆవిడ, "కుట్టు నేర్పించే క్లాసు ఉండాది" అని చెప్పేది. ఆ క్లాసు ఎనిమిదేళ్లు సాగింది. ఏ కుట్టు నేర్పడానికీ అంతకాలం పట్టదని ఇరుగమ్మకూ తెలుసు.

అలాగని మా ఆవిడకు అక్క పాట ఇష్టం లేక కాదు. ఒకసారి, ఒక్కసారే, మేడమీదికి వచ్చింది. ప్లైవుడ్ అడ్డం పెట్టిన ఫ్యామిలీ రూములో గోడవైపు తిరిగి కూర్చుని, తెప్పించిన నిమ్మకాయ సోడా తాగకుండా, మూడు పాటలు విని కళ్లు తుడుచుకుంది. ఇంటికొచ్చాక మాత్రం, "ఎన్నాళ్లు పాడతాదో అడగండి. నాకు తలెత్తుకోను కాలేదు" అంది. ఆ రెండూ ఒకే మనిషి ఒకే సాయంత్రం ఎలా చేయగలిగిందో అప్పట్లో నాకు అర్థమయ్యేది కాదు. తర్వాత నేను చేసింది చూసుకున్నాక అర్థమైంది.

మేడ వెనక ఉన్న పాత బియ్యం మిల్లు కొట్టేసి అపార్టుమెంట్లు కట్టారు. అందులో దిగినవాళ్లు ఒక సంఘం పెట్టుకున్నారు. దాని ప్రెసిడెంటు ఏదో పెద్ద ఉద్యోగం చేసి రిటైరైన ఆయన. బారు లైసెన్సు రెన్యువల్ చేయకూడదని వాళ్లు అర్జీ పెట్టారు. ఎక్సైజు అధికారి హోటలన్నను పిలిచి, మీరూ వాళ్లూ మాట్లాడుకుని రాజీకి వస్తే సరే, లేకుంటే నేను సంతకం పెట్టలేనని చెప్పాడు. నెలరోజులు గడువిచ్చాడు. హోటలన్న మా ఇంటికొచ్చి మెట్టు మీదే కూర్చున్నాడు. "మందు అంగడి పోతే పోనీ అబ్బా, కింద ఇడ్లీ అమ్ముకుని బతుకుతా. పాట పోతాదే!" అన్నాడు. ఆ శనివారం పాటలు అయ్యాక పదిమందిమి బల్లలు దగ్గరకు జరిపి కూర్చున్నాం. జనం చేత సంతకాలు పెట్టించి మనమూ ఒక అర్జీ ఇద్దామన్నారు. ఆఫీసులో నా దస్తూరీకి పేరుంది కాబట్టి రాసే పని నాకు అప్పగించారు. సంతకాలు ఎవరు తెస్తారంటే అందరూ తలా ఒక పని గుర్తుతెచ్చుకున్నారు. "సంతకాల పుస్తకం నాకు ఇయ్యండి" అంది వదిన.

మూడు వారాలు తిరిగిందామె. చిత్తూరులో పూలంగళ్లు, లాయర్ల గదులు, బస్టాండు. పాకాలలో రైలు దిగి స్టేషన్ బయట హోటళ్లు. నగరిలో మగ్గాల వీధులు. మేడ ఎక్కడుందో కూడా తెలియని నేతగాళ్లు, అడిగింది ఆమె కదా అని సంతకాలు పెట్టారు. బారు కోసం తిరుగుతున్నావా అని మొహం మీదే తలుపేసిన వాళ్లూ ఉన్నారు. ఒకచోట ఒక పెద్దమనిషి, "నువ్వు ఆడ ఏం పని జేస్తావమ్మా?" అని ఎగాదిగా చూసి అడిగాడట. "పాడతాను సామీ. ఈడ పాడేదా, పాట ఇంటే సంతకం పెడతారా?" అని నడివీధిలో పాడి సంతకం పెట్టించుకుంది. మా ఇంట్లో చెప్పులు విడిచి, పగిలిన మడమలకు కొబ్బరినూనె రాసుకుంటూ ఈ సంగతి చెప్పి నవ్వింది. పుస్తకం చివరి అట్ట మీద కూడా సంతకాలున్నాయి.

గడువు ఇంకో నాలుగు రోజులుందనగా ప్రెసిడెంటు హోటలన్నను, నన్ను ఇంటికి పిలిచాడు. మంచి ఫిల్టరు కాఫీ ఇచ్చాడు. పుస్తకం తిరగేసి, "శానా కష్టపడినారే" అన్నాడు. తర్వాత గొంతు తగ్గించాడు. "సంగీతమంటే మాకేం కోపం లేదప్పా. నేను గూడా వింటాను. బారులో ఆడమనిషి పాడతా ఉండాదే, అదీ మావాళ్ల బాధ. ఇంక ఆడోళ్లను పాడించేది లేదని రాసియ్యండి. అర్జీ వాపసు తీసుకుంటాం."

హోటలన్న కాఫీ గ్లాసు కింద పెట్టేశాడు. "ఆయమ్మ పాట కోసమే గదయ్యా ఈ అగసాట్లన్నీ!"

ఇద్దరూ నా వైపు చూశారు. అప్పుడు నేను లేచి వచ్చేయవచ్చు. ఆమెను అడిగి చెబుతామనవచ్చు. ఆమె అదే సమయానికి మా ఇంట్లో, మా ఆవిడ పక్కన కూర్చుని చిక్కుడుకాయలు ఒలుస్తోంది. నడిస్తే పది నిమిషాలు. నేను మాత్రం, "రాసిచ్చేద్దామన్నా. ముందు అంగడి నిలబడనీ. ఆరు నెలలు పోతే ఎవురికీ గుర్తుండదు, మళ్లా పిలుచుకుందాం" అన్నాను. తెల్లకాగితం కూడా ఆయనే ఇచ్చాడు. 'ఇకమీదట మా వేదికపై మహిళలచే గానము చేయించబోమని హామీ ఇచ్చుచున్నాము' అని రాశాను. కొట్టివేతలు లేకుండా, వంకర లేకుండా, ఒకే ఊపున వచ్చింది. ఆ కాగితాన్ని ఆమె తెచ్చిన సంతకాల పుస్తకానికే పిన్ను కొట్టి అధికారికి ఇచ్చాం. ఇంట్లో మా ఆవిడతో చెబితే, "ఒకందుకు మంచిదేలే" అంది. అక్కతో ఎవరు చెప్పాలన్నది మాత్రం ఇద్దరం ఎత్తలేదు. ఆమె మర్నాడు పొద్దున బస్సెక్కేటప్పుడు, "ఏమన్నా కబురొచ్చిందా మరిదీ?" అని అడిగింది. "అయిపోతుందిలే వదినా" అన్నాను.

హామీ కాపీ అందరికీ కనపడేలా పెట్టాలని ప్రెసిడెంటు పట్టుబట్టడంతో హోటలన్న దాన్ని మెట్ల మలుపులో అతికించాడు. శనివారం నేను ముందే మేడకు పోయి, మైకు వైర్లు సర్దుతున్నట్టు నటిస్తున్నాను. ఇంట్లో ఉంటే ఆమెకు ఎదురుపడాలి కదా. ఆరున్నరకు ఆమె మెట్లెక్కుతూ కనిపించింది. తల్లో కనకాంబరాలు, చేతిలో పాటల నోటుబుక్కు. మలుపులో ఆగింది. ఒకసారి చదివింది. వేలు పెట్టి ఇంకోసారి చదివింది. హోటలన్న గబగబా దిగిపోయాడు.

"అంగడి నిలబడిందా అన్నా?" అని అడిగింది.

"నిలబడిందమ్మా" అన్నాడు.

"మంచిది. ఎవురు రాసినారిది?"

ఆయనకు అబద్ధం చెప్పడం రాదు. తల పైకెత్తి నా వైపు చూశాడు. ఆమె కూడా చూసింది. నా చేతిలో వైరు అలాగే ఉంది. ఏదో ఒక మాట అంటుందని, తిడుతుందని ఎదురుచూశాను. కొంగు నడుముకు దోపుకుని, వచ్చిన మెట్లే దిగి బస్టాండు వైపు వెళ్లిపోయింది. మా ఇంట్లో విప్పిన చీర, దువ్వెన ఆమె తీసుకుపోలేదు. మా ఆవిడ ఆ చీర ఉతికి, మడతపెట్టి, తర్వాత ఎవరి చేతో పంపించింది.

లైసెన్సు వచ్చింది. ఒకరిద్దరు మగ గాయకులను తెచ్చారు, నిలవలేదు. డ్రాయింగు మాస్టారు రావడం మానేశాడు. పెద్ద టీవీ వచ్చింది, క్రికెట్ వచ్చింది, చేతిలో గ్లాసు పట్టుకునే కూర్చునే నియమం దానంతటదే పోయింది. ప్రెసిడెంటుకు మాత్రం వేదిక ముందు బల్ల ఖాయమైంది. నేను చెప్పిన ఆరు నెలలు ఎప్పుడు దాటాయో ఎవరూ గమనించలేదు. నేను గమనించాను. ఎవరైనా ముందు కదిలితే వెనక నడుద్దామని ఊరుకున్నాను.

నాలుగేళ్లకు హోటలన్న మంచాన పడ్డాడు. నన్ను పిలిపించి, "ఇప్పుడు ఎవురూ ఏమీ అనరబ్బా. ఆయమ్మను తోడుకోని రా. ఒక్కసారి ఇని పోతాను" అన్నాడు. నగరికి వెళ్లాను. మగ్గాలు అమ్మేసిన ఆ ఇల్లు నిశ్శబ్దంగా ఉంది. వదిన నవ్వుతూనే కాఫీ ఇచ్చింది, చెల్లెలి మోకాళ్ల నొప్పులు అడిగింది. నేను వచ్చిన పని చెప్పాను. గొంతు సవరించుకుని, హోటలన్నకు ఇష్టమైన పాట ఎత్తుకుంది. రెండో పాదంలో పైకి పోవాల్సిన చోట గొంతు జీర పోయి ఆగిపోయింది. మళ్లీ ఎత్తుకుంది. మళ్లీ అక్కడే ఆగింది.

"నాలుగేండ్లు నోరు మూసుకోని ఉంటే యాడుంటాది మరిదీ గొంతు!" అని, నాకు సిగ్గేస్తుందేమోనని కాబోలు, తనే నవ్వేసింది. గుమ్మం దాకా వచ్చి, చెప్పులు వేసుకుంటున్న నాతో నెమ్మదిగా అంది: "నువ్వు రాసిన కాయితం రెండుసార్లు సదివినాను. అక్షరాలు శానా అందంగా ఉండాయి. అడిగుంటే, నేనే సంతకం పెట్టిచ్చుందును గదా."

హోటలన్న ఆ వారమే పోయాడు, ఇప్పటికి ఎనిమిదేళ్లు. ఆమె రాలేనందని ఆయనకు చెప్పలేదు, బస్సుకు బయల్దేరిందని చెప్పాను. చేసిన తప్పు దిద్దుకోవడానికి ఇంకా కాలముందిలే అనుకుంటూ మనం బతికేస్తాం. ఆ కాలమంతా ఎదుటి మనిషి ఆయుష్షులోంచి పోతోందని మనకు తోచదు.