తపస్సుకాలంలో రాని మాట

ఎండిన ఈత మట్టలు కాలుతుంటే కాస్త తీపిగా, కాస్త కమురుగా ఒక వాసన వస్తుంది. రేపు విభూది బుధవారం, ఈస్టరుకు ముందు నలభై రోజుల తపస్సుకాలం మొదలయ్యే రోజు. నిరుడు మట్టల ఆదివారం నాడు ఇళ్లకు పట్టుకెళ్లిన మట్టలను అందరూ తెచ్చి చర్చి వెనక పోశారు. రేపు నుదుట పెట్టే బూడిద కోసం వాటిని కాలుస్తున్నాం. ఆ పొగ తగలగానే నాకు యోసేపు మాస్టారు గుర్తొస్తారు. నా కళ్లు చూసి పొగవల్లే అని ఎవరైనా అనుకుంటే అనుకోనీ.

కంకిపాడు దగ్గర మా ఊరి చర్చికి ఆయన ఉపదేశి. ఫాదరుగారు ఎప్పుడో గానీ వచ్చేవారు కాదు కాబట్టి పాటలు, ప్రార్థన, పిల్లలకు జపాలు నేర్పడం అన్నీ ఆయనే చూసుకునేవారు. నాకు వాక్యం చదవడం నేర్పింది ఆయనే. గబగబా చదివితే ఆపేసి, "ఏమ్మా, బస్సేమన్నా వెళ్లిపోతోందా?" అనేవారు. తపస్సుకాలానికి పీఠం మీద ఊదారంగు గుడ్డ పరిచారంటే ఇక ఈస్టరు దాకా మా నోట, సంతోషంగా దేవుణ్ణి స్తుతించే 'అల్లెలూయ' అన్న మాట రాకూడదు. ఒకసారి గిన్నెలు తోముతూ ఆ మాటే కూనిరాగం తీస్తుంటే దారినపోతూ విన్నారు. "దాచుకోమ్మా, దాచుకో. పండగనాడు ఎంత బాగుంటుందో నువ్వే చూద్దువుగాని." నిజంగానే, ఈస్టరు జాగరణలో ఆయన ఆ మాట ఎత్తుకుంటే నాకు ఒళ్లు పులకరించేది.

ఆ పట్టుదలే ఆయన్ని దెబ్బతీసింది. ఆటోనగర్‌లో లేత్ మిషను మీద పనిచేసే అంతోని మా పాటలకు డోలక్ వాయించేవాడు. ఒక తపస్సుకాలంలో ఉన్నట్టుండి గుండె ఆగి పోయాడు. సమాధి దగ్గర అతని భార్య రోజమ్మ మాస్టారి చేతులు పట్టుకుంది.

"మాస్టారూ, ఆయనకిష్టమైన అల్లెలూయ పాట ఒక్కసారి పాడించండి. ఇంకేం అడగను."

"ఇప్పుడా మాట రాదమ్మా. పండగ వెళ్లాక వచ్చి పాడతాం, సరేనా?"

"పండగ దాకా ఆయన్ని పైనే ఉంచుతారాండీ?"

మాస్టారు తల వంచుకుని వేరే పాట అందుకున్నారు. ఈస్టరు మర్నాడు మమ్మల్ని తీసుకెళ్లి సమాధి దగ్గర ఆ పాట పాడించారు. రోజమ్మ రాలేదు. ఆ తరువాత చర్చికీ రాలేదు. ఏటా ఈస్టరు మర్నాడు ఆయన ఆమె గుమ్మం ముందు నిలబడి పిలిచేవారు. తలుపు తెరుచుకునేది కాదు. ఒక ఏడు అలా తిరిగొచ్చి చర్చి మెట్ల మీద కూలబడ్డారు.

"నియమం తిరుసభ పెద్దలదేనమ్మా. అంత గట్టిగా పట్టుకున్నది మాత్రం నేనే. ఫాదరుగారిని ఒక్కమాట అడగొచ్చుగా? తోచలేదు. అన్నీ నాకే తెలుసనుకున్నాను."

ఆయనా తపస్సుకాలంలోనే పోయారు. మంచం మీద ఉండగా, "నాకా పాట పాడొద్దు. అంతోనికి లేనిది నాకెందుకు?" అని నా దగ్గర మాట తీసుకున్నారు. సమాధి దగ్గర జనంలోంచి రోజమ్మ ముందుకొచ్చింది. జుట్టంతా నెరిసిపోయింది. కొత్త ఫాదరుగారిని మెల్లగా ఏదో అడిగింది. ఆయన తలూపారు. ఆమె అంతోని పాట ఎత్తుకుంది. శ్రుతి లేదు, డోలక్ లేదు. జనం ఒకరి మొహాలొకరు చూసుకుని, ఆమెతో గొంతు కలిపారు. నేను కలపలేదు. మాటిచ్చాను మరి.

తిరిగి వస్తూ ఉండబట్టలేక అడిగాను. "ఇంత ప్రేముంటే ఒక్కసారైనా తలుపు తియ్యలేకపోయావా అక్కా?"

"తలుపు వెనకే ఉండేదాన్నే. ఆయన గొంతు వింటూనే ఉండేదాన్ని. కోపం కాస్త దిగి గడియ మీద చెయ్యి వేసేసరికి మెట్లు దిగిపోయేవారు."

ఇద్దరి మధ్యా ఉన్నది ఒక్క చెక్క తలుపు.

ఇప్పుడు మా చర్చిలో పాటలు చూసేది నేనే. తపస్సుకాలంలో ఆ మాట నేనూ దాచుకుంటాను, పిల్లలకూ దాచుకోమని చెబుతాను. కానీ మనసు నొచ్చుకున్నవాళ్ల గుమ్మం ముందుకు వెళ్లి పిలిస్తే, పలకలేదు కదా అని వెంటనే వెనక్కి తిరగను. ఇంకాసేపు నిలబడతాను.