నూట ఇరవై మీద ఉంచమన్నాడు

ముంబై కామాఠీపురాలో, వరసగా ఒంటిగది కాపురాలుండే మా చాల్‌లో, మూడో అంతస్తు ఉమ్మడి వరండాకి, అదే మా గ్యాలరీకి, ఒక ఆచారం ఉండేది. ఎవరింట్లోకి కొత్త వస్తువు వచ్చినా, మిక్సీ అయినా ఫ్రిజ్ అయినా, దానికి కుంకుమ బొట్టు పెట్టి, కొబ్బరికాయ కొట్టి, ఆదివారం పొద్దున తలుపు బార్లా తెరిచి అందరికీ చూపించాలి. చూపించకపోతే దిష్టి తగులుతుందని ఆడవాళ్ళు అనేవారు. దిష్టి సంగతి తెలియదు గానీ, పక్కవాళ్ళు మాత్రం అలిగేవారు.

నాలుగేళ్ళ కింద నేనొక మానిటర్ కొన్నాను. నలభై ఆరేళ్ళ వయసులో ఆటల మానిటర్ ఏమిటని మా ఆవిడ నవ్వింది. నాకూ పక్క గదిలోని స్నేహితుడికీ ఇష్టమైన పాత కార్ల పందెం ఆట ఒకటుంది. పెళ్ళిళ్ళు కాకముందు ఫాక్‌లాండ్ రోడ్డులో ఒక వీడియో గేముల దుకాణంలో భుజం భుజం రాసుకుంటూ ఆడిన ఆట అది. అతనూ నేనూ చుట్టాలం కాదు. మా తాతలిద్దరూ పాలమూరు నుంచి ఒకే గుంపులో కట్టుబడి పనికి వచ్చారు, అంతే. అయినా ఊహ తెలిసినప్పటి నుంచీ ఒకరినొకరం బావా అనే పిలుచుకున్నాం.

చాల్‌లో అందరి కంప్యూటర్లూ అతనే బాగుచేసేవాడు. అదే అతని బతుకుతెరువు. నా కంప్యూటర్‌కు కొత్త గ్రాఫిక్స్ కార్డు తెచ్చి వేసిందీ, మానిటర్ తగిలించిందీ అతనే. ఆట పెట్టాడు. కారు మలుపు తిరుగుతుంటే పక్కన గోడలూ చెట్లూ నీళ్ళలా జారిపోయాయి.

"బావా, తెరను నూట ఇరవై మీద వెట్టిన. ముట్టకు," అన్నాడు.

"డబ్బా మీద నూట నలభై నాలుగు అని ఉన్నది గద?"

"ఉంటది. సెకనుకు అన్నిసార్లు తెర మారుతదన్నట్టు. గని మన ఆట సెకనుకు అర్వై బొమ్మలే ఇస్తది, అంతకంటె ఎక్కువ ఇయ్యదు. మన తాతలు సిమెంటు తట్టలు అందిస్తుండిరి గద, యాద్ చేసుకో. కిందోడు ఒక తట్ట ఇచ్చేలోపల పైనోడు..."

"బస్ కర్ యార్. చాయ్ చల్లారుతున్నది," అన్నాను.

అతను నవ్వి చాయ్ తాగి వెళ్ళిపోయాడు. నాకే కుదురు లేదు. నూట నలభై నాలుగు అని గ్యాలరీ అంతా అప్పటికే చెప్పుకున్నాను. అంత ఉన్నప్పుడు తక్కువలో ఎందుకు ఉంచుకోవాలి? శనివారం సాయంత్రం సెట్టింగుల్లోకి వెళ్ళి నూట నలభై నాలుగు చేశాను. ఆ తర్వాత ఆట పెట్టి చూడలేదు.

ఆదివారం బొట్టు పెట్టాం, కొబ్బరికాయ కొట్టాం. పది అడుగుల గదిలో పదిహేను మంది, గుమ్మంలో ఇంకొందరు. కారు కదిలింది. మొదటి మలుపు దగ్గరే బొమ్మ తడబడింది. పోతూ పోతూ కొంచెం పట్టుకున్నట్టు, మళ్ళీ వదిలినట్టు, కాలు కుంటుతున్నట్టు.

"ఏంది బిడ్డా, నీ కారు మన గల్లీలనే నడుస్తున్నట్టుంది? అన్నీ ఖడ్డాలు, గుంతలే!" అంది ఎదురింటి అవ్వ. అందరూ గొల్లుమన్నారు.

నా ముఖం మాడిపోయింది. అతను నా పక్కకొచ్చి మెల్లగా అడిగాడు. "బావా, నువ్వేమన్న మార్చినవా?"

"లేదు," అన్నాను.

మార్చడం వల్లే అలా అయిందని అప్పుడు నాకు తెలియదు. కానీ మార్చానని తెలుసు. ఈ రెండింటి మధ్య ఉన్న సందులో దాక్కుని ఇన్నేళ్ళు గడిపాను.

"ఒక్కసారి చూడనియ్యి," అని మౌస్ మీదికి చెయ్యి చాపాడు. ఆ చేతిని తోసేశాను. "చూసింది చాలు. పాత కార్డు తెచ్చి కొత్తదని అంటగట్టినవ్," అన్నాను, గుమ్మంలో వాళ్ళకు కూడా వినబడేట్టు.

"వారం సంది మిగతా ఆటలన్నీ మంచిగనే ఆడ్తున్నవ్ గద. కార్డు ఖరాబైతే గా ఒక్క ఆటనే ఎందుకు కుంటుతది?"

సరైన ప్రశ్న. నేను వినలేదు.

మా గ్యాలరీలో అంత మాట పడితే పెద్దల ముందు తేల్చుకోవాలి. మరుసటి ఆదివారం మెట్ల దగ్గర చాప పరిచారు. తమలపాకు మీద కర్పూరం వెలిగిస్తారు. నిజం చెప్పేవాడు దాన్ని అరచేత్తో ఆర్పి ప్రమాణం చేయాలి. "కార్డు కొత్తదే, నేను మోసం చెయ్యలేదని చెప్పి ఆర్పు బిడ్డా. అయిపోతది," అన్నాడు అందరికంటే పెద్దాయన.

అతను కర్పూరాన్ని చూశాడు. తర్వాత నన్ను చూశాడు. చాలాసేపు నన్నే చూశాడు. చెయ్యి మాత్రం ఒళ్ళోనే ఉంది. కర్పూరం దానంతటదే కాలి ఆరిపోయింది. ఆకు మీద నల్లటి మచ్చ మిగిలింది.

అక్కడున్నవాళ్ళకు అదే జవాబైంది. ఆ తర్వాత ఎవరూ అతని చేతికి కంప్యూటర్ ఇవ్వలేదు. ఏడాది తిరగకుండానే భార్యతో ధారావికి వెళ్ళిపోయాడు. వాళ్ళు సామాను దించుతుంటే నేను తలుపు దగ్గరగా వేసుకుని లోపల కూర్చున్నాను.

పోయిన వానాకాలంలో నా కంప్యూటర్ చెడిపోతే అన్నీ తుడిచి కొత్తగా ఎక్కించాల్సి వచ్చింది. తెర దానంతటదే అరవైకి దిగింది. ఊరికే ఆ పాత ఆట పెట్టాను. కారు నీళ్ళలా పోయింది. కార్డు అదే, అతను వేసిందే. నూట నలభై నాలుగు చేశాను, కుంటింది. నూట ఇరవై చేశాను, కుంటలేదు. ఆ మధ్యాహ్నం ఎన్నిసార్లు మార్చి చూశానో.

నేను చాయ్ పేరుతో తుంచేసిన అతని మాటను అప్పుడు నేనే పూర్తి చేసుకున్నాను. కిందివాడంటే ఆట, పైవాడంటే తెర. కిందివాడు ఒక తట్ట ఇచ్చేలోపు పైవాడు సరిగ్గా రెండుసార్లు చెయ్యి చాపితే, ప్రతి తట్టా ఒకే లయలో అందుతుంది. నూట ఇరవై అంటే అదే. నూట నలభై నాలుగైతే ఒక బొమ్మ రెండు చాపుల సేపు నిలుస్తుంది, ఇంకొకటి మూడు చాపుల సేపు. ఆ ఎగుడుదిగుడే కంటికి కుంటుగా తోస్తుంది. వస్తువులో లోపం లేదు. తెచ్చినవాడిలో అసలే లేదు.

చాల్ పడగొట్టి కొత్తది కడతారట. సగం గదులకు తాళాలు పడ్డాయి. ఉన్నవాళ్ళను పిలిచి చాప పరిచి, నేనే కర్పూరం వెలిగించి ఆర్పాను. కార్డు కొత్తదే, మార్చింది నేను, అడిగితే లేదన్నాను అని చెప్పాను. ఆ రోజు ఆర్పమన్న పెద్దాయన అప్పటికే చనిపోయాడు. కుర్రవాళ్ళు ఫోన్లలోంచి తలెత్తి "కాయ్ ఝాలం?" అని, ఏమైందని మరాఠీలో అడిగి మళ్ళీ దించుకున్నారు. ఎదురింటి అవ్వ ఒక్కతే అంది: "గీ మాట గప్పుడే చెప్తె నీ నోరు వడిపోతుండెనా?"

తర్వాత ధారావి వెళ్ళాను. సంచులు కుట్టే ఒక కార్ఖానాలో పని చేస్తున్నాడు. మిషన్ ఆపి స్టూలు చూపించాడు. అంతా చెప్పాను.

"నాకప్పుడే ఎరుక," అన్నాడు. "గట్ల కుంటుడు చూడంగనే సమజైంది, తెర మార్చినవని."

"మరి కర్పూరం ఎందుకు ఆర్పలే?"

"ఆర్పితె నువ్వు అబద్ధమాడినట్టయితుండె, అందరి ముందట. నువ్వే చెప్తవనుకున్న." దారపు పోగు ఒకటి వేలికి చుట్టుకుంటూ అన్నాడు. "గా కర్పూరం కాలేటంత సేపు చూసిన."

ఎప్పుడైనా ఆదివారం రమ్మన్నాను. "చూద్దాం. మిషన్ మీద కామ్ ఉంటది," అన్నాడు. అక్కడ కూర్చున్నంతసేపూ ఒక్కసారైనా బావా అంటాడేమోనని చెవులు రిక్కించుకుని ఉన్నాను. అనలేదు.

ఆ రోజు మెట్ల దగ్గర కూర్చున్నవాళ్ళు ఇప్పుడు విరార్‌లో, కల్యాణ్‌లో, ఎక్కడెక్కడో ఉన్నారు. ఇది వాళ్ళకోసం రాశాను. అతని పేరు రాయలేదు, వాళ్ళకు తెలుసు. ఎక్కడైనా అతని మాట వస్తే, దయచేసి ఇది చెప్పండి.

మా తలుపు మాత్రం ఆదివారం పొద్దున తెరిచే ఉంచుతున్నాను. తెర మూలన కుంకుమ మరక ఇంకా పోలేదు. ఇద్దరాడే పందెం పెడతాను. నా కారు బయలుదేరుతుంది, రెండోది గీత దగ్గరే నిలబడి ఉంటుంది. నూట ఇరవై మీదే ఉంది. ముట్టలేదు.